సుబ్బులొదిన గుమ్మడికాయ కేసు

మా కాలిఫోర్నియా డబ్లిన్‌లో తెలుగోళ్ళు ఎవర్నడిగినా ఒక మాట చెప్తారు. సుబ్బులొదిన నడిరోడ్డు మీద ఒక మనిషిని ఖూనీ చేసిందని, నాలుగు పోలీస్ కార్లూ ఒక హెలికాప్టరూ వచ్చి, పట్టుచీరలో ఉన్నదాన్ని ఉన్నట్టే బేడీలేసి తీసుకుపోయారని. చూసినోళ్ళెవరంటే మాత్రం ఎవరూ లేరు. ఇండియన్ స్టోర్‌లో బెండకాయలు విరిచి చూసుకుంటా ఒకళ్ళ చెవిలో ఒకళ్ళు ఊదుకున్నదే. హెలికాప్టర్ సంగతి నాకు తెలీదు గానీ కుక్క మాత్రం వచ్చే ఉంటది. కుక్క లేకుండా పోలీసులు ఖూనీకి ఎందుకొస్తారు?

మనిషిని చూస్తే ఖూనీ చేసేదానిలా ఉండదు లెండి. నా భుజం దాకా వస్తది, అంతే. ఒంగోలావిడ. కూతురు రచన ఇక్కడ సిటిజెన్ అయ్యి తల్లికి గ్రీన్ కార్డ్ చేయించింది. అప్పట్నుంచీ ఒక డేకేర్‌లో పసిపిల్లలకి అన్నాలు తినిపించే పని. ఆవిడ చేత్తో పెడితే తినని పిల్ల కాలిఫోర్నియాలో ఇంకా పుట్టలేదు. చైనా పిల్లలు కూడా ‘ఇంకా, ఇంకా’ అని తెలుగులో అడుగుతారంట. ఇహ పట్టుదలంటారా, ఒకసారి ఫోన్ బిల్లు తప్పొచ్చిందని ఆ కంపెనీ వాళ్ళని లైన్లో పెట్టి, పప్పు వండి, తిని, గిన్నెలు తోమి, బట్టలు మడతేసేదాకా వదల్లేదు. అవతల మాట్లాడినోడు మర్నాడే ఉద్యోగం మానేశాడని విన్నాను.

ఇంతకీ ఆ ఖూనీ ఏంటంటే, గుమ్మడికాయ.

రచనా, అల్లుడు అనూపూ కొత్త ఇల్లు కొనుక్కుని గృహప్రవేశం పెట్టుకున్నారు. వాళ్ళిద్దరూ లోపల పీటల మీదున్నారు. బూడిద గుమ్మడికాయకి చిల్లి పెట్టి, లోపల ఇంత కుంకం కుక్కి, దిష్టి తీసి బయట పగలగొట్టాలి గదా. వీధి మలుపు దాకా తీసుకుపోయి కొట్టమన్నాడు పంతులు. సుబ్బులొదిన కొట్టింది. ఎలా కొట్టిందో ఏమో, ఎర్రటి నీళ్ళు మూడిళ్ళ అవతలి దాకా చిమ్మినయ్యంట. అదే టైముకి పొద్దున్నే పరిగెత్తే తెల్లావిడ ఒకావిడ అటొచ్చింది. రోడ్డంతా ఎరుపు, మధ్యలో తెల్లగా పగిలిన ముక్కలు. తలకాయ అనుకుంది. కేక పెట్టి ఫోన్ చేసింది.

పోలీసొచ్చాడు. తలకాయ కాదు కూరగాయ అని తెలిసినా, రోడ్డు మీద చెత్త పోసినందుకు టికెట్ రాశాడు. లోపల శుభమా అని పూజ జరుగుతుంటే వాళ్ళనెందుకు లేపడం అని మా వదిన తనే పేరు చెప్పి, తెలుగులో సంతకం పెట్టి, ఆ పసుపు కాగితం బొడ్లో దోపుకుని, మొహం కడుక్కుని లోపలికొచ్చి పులిహోర వడ్డించింది. ఎవరికీ చెప్పలేదు. తర్వాత కోర్టుకి పోయింది. అక్కడ టీవీలో ఒక తెలుగు ఆవిడ కనపడి జడ్జిగారు ఇంగ్లీషులో చెప్పేది తెలుగులో చెప్పిందంట. శనివారాలు కొన్ని రోడ్డు పక్కన చెత్త ఏరమన్నారు. ఇంట్లో గుళ్ళో సేవ అని చెప్పి, నారింజ రంగు కోటు తొడుక్కుని, పొడుగు పటకారు పట్టుకుని ఏరింది. ఆవిడ ఏరిన చోట ఇప్పటికీ చెత్త పడదంటారు. కేసు క్లోజ్ చేశారు. ఆ పసుపు కాగితం కూడా చించి పారేసింది, బయట కాదు, డబ్బాలోనే.

అది అక్కడితో పోవాల్సిందే. కానీ మొన్నామధ్య ఒంగోల్లో వాళ్ళ పెద్దక్క బాత్రూములో జారి తుంటి విరగ్గొట్టుకుంది. తల్లి పోతే సుబ్బులొదినకి జడలేసి పెంచింది ఆవిడే. పిల్లల్లేరు, మొగుడు లేడు, ప్రస్తుతానికి పక్కింటోళ్ళే చూస్తన్నారు. సుబ్బులొదిన పోయి ఉండాలి, ఆవిడ లేచి నడిచేదాకా ఉండాలి. గ్రీన్ కార్డ్ మీద పోయి ఏడాది దాటిందంటే ఆ కార్డ్ పోయినట్టే అని అందరూ చెప్పారు. అదే సిటిజెన్ అయితే ఎన్నాళ్ళైనా ఉండి రావచ్చు. అందుకని అప్లై చేయడానికి కూర్చున్నారు. అనూప్ లాప్‌టాప్‌లో ప్రశ్నలు చదువుతున్నాడు, ఈవిడ కాకరకాయలు చెక్కు తీస్తంది. మిమ్మల్ని పోలీసులు ఎప్పుడైనా పట్టుకున్నారా, టికెట్ ఇచ్చారా అనేది వచ్చింది.

"ఇది నో కదా అత్తయ్యా" అని నొక్కబోయాడు.

"ఆగండి బాబూ. యెస్."

అనూప్ చేతిలో కాఫీ లాప్‌టాప్ మీద పడి, అది అక్కడికక్కడే ప్రాణం వదిలింది. రచన ఆఫీస్ మీటింగ్ మధ్యలో లేచి కిందికి పరిగెత్తుకొచ్చింది. ఊరంతా తెలిసిన కథ ఆ ఇంట్లో వాళ్ళకి ఆరోజే తెలిసింది.

యెస్ అని పెట్టేసరికి, ఇంటర్వ్యూ లెటర్ వచ్చినప్పుడు, ఆ కేసు ఎలా ముగిసిందో కోర్టు నుంచి సీల్ వేసిన కాగితం తెమ్మని ఇమ్మిగ్రేషన్ వాళ్ళు రాశారు. ఇంటర్వ్యూకి ఇంకా రెండు వారాలే ఉంది.

వాసుదేవరావు గారని మా తెలుగోళ్ళలో రిటైరైన గుండె డాక్టరు ఉన్నారు. బెల్‌బాటం ప్యాంట్ల కాలంలో ఈ దేశం వచ్చినాయన. ఈయనకి తెలియని ఆఫీస్ లేదు, కనీసం ఆయన అలా అనుకుంటారు. ఆయన కంప్యూటర్ ముందు కూర్చుని కౌంటీ కోర్టు వెబ్‌సైట్ తీశారు. ఇక్కడ ఒక సంగతి తెలిసి నాకు మూడ్రోజులు అన్నం సయించలేదు. ఈ దేశంలో కోర్టు రికార్డ్ మన ఒక్కళ్ళదే కాదంట. ఎవరైనా, ఎవరి కేసైనా పేరు కొట్టి చూసుకోవచ్చంట, కౌంటర్‌కి పోయి కాపీ కూడా అడగొచ్చంట. ముందే తెలిస్తే ఇండియన్ స్టోర్లో ఎందుకు నిలబడేదాన్ని? కోర్టులోనే చాప వేసుకునేదాన్ని.

సరే, ఆయన మా వదిన ఇంటి పేరు ఈదర అని ఒక ఈతో కొట్టారు, రెండు ఈలతో కొట్టారు, ఐతో కొట్టారు. పాస్‌పోర్ట్‌లో ఉన్నట్టు వెంకట సుబ్బలక్ష్మి అని కలిపి కొట్టారు, విడగొట్టి కొట్టారు. ఏదీ రాలేదు. ఆన్‌లైన్‌లో అన్నీ ఉండవు, మనిషే పోవాలి అన్నారు. కారెక్కించుకుని దగ్గరున్న కోర్టుకి తీసుకుపోయారు. అక్కడ విడాకులూ ఆస్తులూ మాత్రమేనంట, చిన్న టికెట్లవి ఇంకో ఊళ్ళో కోర్టులో ఉంటయ్యన్నారు. ఇంకో రోజు అక్కడికి పోయారు. రికార్డ్స్ అని రాసిన కిటికీ ముందు క్యూ ఇక్కడ మొదలైతే శాంటా క్లారాలో అయిపోతది. కిటికీ వెనక మెళ్ళో కళ్ళద్దాల గొలుసేసుకున్న పెద్దావిడ, పేరూ పుట్టిన సంవత్సరం రాసిమ్మంది. పాస్‌పోర్ట్ చూసి డాక్టరుగారే రాసిచ్చారు. ఆవిడ వెతికి, ఈ పేరు మీద ఏమీ లేదంది. కావాలంటే ఏమీ లేదని ఒక కాగితం ఇస్తానంది.

డాక్టరుగారు మురిసిపోయారు. అంతకంటే ఇంకేం కావాలమ్మా అన్నారు. సుబ్బులొదిన ఆ కిటికీ గట్టు రెండు చేతుల్తో పట్టుకుంది.

"నో లెటర్. ఐ డిడ్ ఇట్" అంది.

వెనక నిలబడ్డోళ్ళు రెండడుగులు వెనక్కి జరిగారంట. ఏం చేశావని అడిగింది లోపలావిడ. పంప్‌కిన్ అంది ఈవిడ. డాక్టరుగారు సిగ్గుతో గోడవైపు తిరిగి అక్కడ అంటించిన రూల్సన్నీ చదవడం మొదలుపెట్టారు. మనుషులు నేరం చేయలేదని కోర్టుకొస్తారు గానీ, చేశాను మొర్రో వెతకండని వచ్చిన మనిషి ఆ బిల్డింగ్ కట్టాక ఈవిడొకతే.

ఆ సాయంత్రం ఇంట్లో పెద్ద రభస. రచనకి ఏడుపొక్కటే తక్కువ.

"రికార్డ్ లేదని కోర్టే చెప్తంటే నీకేం నొప్పమ్మా? ఆ లెటర్ పట్టుకుని పో, అయిపోద్ది."

"రేపు వాళ్ళ కంప్యూటర్‌లో కనపడిందనుకో. యెస్ అని రాసి లేదని కాగితం తెచ్చానంటే దొంగదాన్నంటారు. ఉన్న కార్డు కూడా ఊడుద్ది. పెద్దక్కని మంచం మీంచి నువ్వు లేపుతావా?"

"మరి లేనిది ఎక్కణ్ణించి తెస్తావు?"

"ఉంది. చెత్త ఏరింది నేను. నా నడుముకి తెలుసు."

అల్లుడు మధ్యలో ఏదో అనబోయి, అత్తగారి మొహం చూసి, చెత్త డబ్బా బయట పెట్టొస్తానని వెళ్ళిపోయాడు.

ఇంటర్వ్యూ సోమవారం అనగా శుక్రవారం నాడు ఎవరికీ చెప్పకుండా డేకేర్‌కి సెలవు పెట్టి, ఒక బస్సూ ఒక ట్రైనూ ఇంకో బస్సూ మారి ఒక్కతే పోయింది. దారిలో ఒకటే ఆలోచనంట. ఆరోజు పోలీసోడు ఏమడిగాడు, నేనేం చెప్పాను? పర్సు లేదు, కార్డ్ లేదు, చేతులనిండా కుంకం. అతను నోటితో అడిగాడు, తను నోటితో చెప్పింది. మరి పాస్‌పోర్ట్ చూసి రాస్తే ఎలా దొరుకుతది?

కిటికీ దగ్గరికి పోయి ఆ గొలుసావిడకి దణ్ణం పెట్టింది. తనకొచ్చిన ఇంగ్లీషూ, రాని ఇంగ్లీషూ అంతా కలిపి ఒకటే చెప్పింది. నువ్వు పోలీసువి, నేను నేనే, ఆరోజు లాగా అడుగు. ఆవిడకేం అర్థమైందో గానీ, ఈ బుడ్డ మనిషి మళ్ళీ వచ్చిందంటే ఇవ్వాళ వదిలేలా లేదని మాత్రం అర్థమైంది. కళ్ళద్దాలు సర్దుకుని, పెన్ను పట్టుకుని, నిజంగా పోలీసు లాగే మొహం పెట్టింది.

"ఫస్ట్ నేమ్?"

"ఈదర."

"లాస్ట్ నేమ్?"

"సుబ్బులు."

గొలుసావిడ పెన్ను ఆపింది. ఆగదూ మరి? మనకి ఫస్ట్ అంటే ముందుండేది. ముందుండేది ఇంటి పేరు. చిన్నప్పుడు బళ్ళో హాజరు పలికిన కాణ్ణించీ మనకి అదే వరస గదా, ఈదర సుబ్బులు. వీళ్ళకేమో ఇంటి పేరు చివర. ఆ పోలీసు చెవికి పడింది పడ్డట్టు రాసుకున్నాడు, కోర్టు అతను రాసిందే ఎక్కించుకుంది. అంటే ఇన్నేళ్ళుగా మా వదిన వాళ్ళ లెక్కలో సుబ్బులు గారింటి ఆడపడుచు, పేరేమో ఈదర. సుబ్బలక్ష్మి అనే మనిషికీ ఆ కేసుకీ సంబంధమే లేదు.

ఆవిడ ఎస్ దగ్గర వెతికింది. సుబు అంది, సబ్ అంది, చివర ఒక అక్షరం తీసింది, ఒకటి పెట్టింది. మా వదిన కిటికీ అద్దానికి ముక్కు ఆనించి బుసబుసా ఊపిరి వదిలిందంట, అద్దం మొత్తం మసకేసింది. అప్పుడు కంప్యూటర్‌లో ఒక వరస వచ్చింది. రోడ్డు మీద చెత్త, రచన వాళ్ళ వీధి పేరు, గృహప్రవేశం తారీఖు. కేసు ముగిసినట్టు కూడా ఉంది.

దొరికిందని మా వదిన ఎగిరి గంతేయలేదు. ఆవిడకి ఇంకో చిక్కు కనపడింది. ఈ పేరు తనదని సోమవారం ఆ ఆఫీసర్ ఎలా నమ్ముతాడు? ఆ మాటే అడిగితే, కేసు ముగిసిన కాగితంతో పాటు అసలు టికెట్ కాపీ కూడా తీసుకోమంది గొలుసావిడ. లోపల్నించి తెచ్చి చూపించింది. అడుగున సంతకం ఉంది. గుండ్రంగా, జిలేబీ చుట్టినట్టు, తెలుగులో. కింద ఎర్రగా ఒక వేలిముద్ర కూడా ఉందని నేనంటాను, కాపీలో రంగు రాదంటారు, మీ ఇష్టం. పాస్‌పోర్ట్ తీసి పక్కన పెట్టింది మా వదిన. అదే జిలేబీ. గొలుసావిడ ఒకసారి ఇటు, ఒకసారి అటు చూసి, రెండు కాగితాల మీదా సీల్ గట్టిగా గుద్దింది. ఆ చప్పుడుకి క్యూలో ఉన్నోళ్ళందరూ చప్పట్లు కొట్టారంట. జడ్జిగారు కూడా వచ్చి చెయ్యి కలిపారని అంటారు.

సోమవారం ఇంటర్వ్యూలో ఆఫీసర్ ఆ కాగితం రెండుసార్లు చదివి, గుమ్మడికాయలో కుంకం ఎందుకు పెడతారని అడిగాడంట. కొత్తింటికి కళ్ళు తగలకుండా అని చెప్పింది. తగిలిన కళ్ళు మీకే తగిలినట్టున్నాయే అన్నాడంట ఆయన. సంతకాలు సరిచూసి, నాలుగు ప్రశ్నలడిగి, పాసన్నాడు. ప్రమాణం అయిపోయింది. అమెరికా పాస్‌పోర్ట్ కూడా వచ్చింది.

ఇదంతా నాకు డాక్టరుగారి భార్య ప్రమోద చెప్పింది. ఆవిడకి ఆయన చెప్పారు. శుక్రవారం సంగతి ఆయనకి అనూప్ చెప్పాడు. అనూప్‌కి ఎవరు చెప్పారో అడక్కండి. కాబట్టి ఇందులో అబద్ధానికి చోటే లేదు. అయినా అసలు మనిషి నోటి నుంచి ఒక్క మాట విందామని, ప్రయాణం ముందు రోజు సూట్‌కేసులు తూకం వేసే సాయం నెపం పెట్టి పోయాను. మంచం మీద పెద్దక్క కోసం కొన్న నడిచే స్టాండూ, మోకాళ్ళ పట్టీలూ, బాదం పప్పు పొట్లాలూ పరిచి ఉన్నాయి. సుబ్బులొదిన సూట్‌కేస్ మీద ఎక్కి కూర్చుని జిప్ లాగుతంది.

"ఏం వదినా, చివరికి కోర్టు వాళ్ళ చేత నీ కేసు వెతికించి తీసుకున్నావంటగా" అన్నాను.

ఆవిడ జిప్ ఆపలేదు.

"ఏ కోర్టు? నేను లైబ్రరీకి తప్ప ఎక్కడికీ పోలేదు."

"మరి గుమ్మడికాయ?"

"మేం కొబ్బరికాయ కొట్టాం. నువ్వు చట్నీ కూడా తిన్నావు."

"ఈదర సుబ్బులు అని కాగితం మీద ఉందంట వదినా, ప్రమోద చెప్పింది."

"ఉంటే ఉండుద్ది. ఆవిడెవరో నాకేం తెలుసు? నా పేరు వెంకట సుబ్బలక్ష్మి. లే, ఆ రెండో పెట్టె ఇటు జరుపు."