ఇరవైమూడు చేన్లు, ఒకే మంద

పెద్ద ఈరన్న నోటి నుంచి గొర్రెల లెక్క రాబట్టడం ఇంతవరకూ ఏ మొనగాడి తరమూ కాలేదు. పశువుల డాక్టరు సూదులు వేయడానికొచ్చి ఎన్ని తేవాలప్పా అంటే, తెచ్చినన్ని తే సారూ, చాలకపోతే రేపు మళ్లా వద్దువులే అనేవాడు. సొంత బామ్మర్ది అడిగినా ఒకటే జవాబు, "ఉండాయిలే కొన్ని" అని. కాపరి నోటితో లెక్క చెబితే మంద తరుగుతుందని వాళ్ల తాతల నాటి మాట. అట్లని లెక్క తెలీనోడు కాదు. రోజూ పొద్దున్నే రొప్పానికి అడ్డం వేసిన ముళ్లకంప తీసి గొర్రెలను బయటికి వదిలేటప్పుడు, జతలు జతలుగా కళ్లతోనే ఎంచేసుకునేవాడు. పెదవి మాత్రం కదిలేది కాదు.

ఆలూరు పక్క ఆ పల్లెలో ఈరన్నకు గొర్రెలు అమ్ముకోవడం ఒక బతుకైతే, చేన్లలో మంద ఆపడం ఇంకో బతుకు. ఉగాది పోయినప్పటి నుంచి తొలకరి దాకా ఒకరి తర్వాత ఒకరి చేన్లో రాత్రిళ్లు మందను పడుకోబెడతాడు. చేనుకు రెండు రాత్రులని మాట. పెంటికలు, ఉచ్చ నేలకు పట్టి, ఆ ఏడు పత్తికో వేరుశెనగ బుడ్డలకో సగం యూరియా మూటలే సరిపోతాయి. బదులుగా రైతులు జొన్నలో కొర్రలో కొలిచి పోస్తారు. ఏడాది తిండిగింజలు ఈరన్న ఇంటికి అట్లనే వస్తాయి. రెండొందల మంద ఈరన్న అంటే చుట్టుపక్కల నాలుగూళ్లలో పేరుంది.

ఆ పేరు మూడేండ్లుగా ఉత్తదే. ఆ ఏడు ఆదోని సంతలో ఎవడో కదిలిస్తే, ఎన్నడూ లేనిది నోరు జారి, రెండొందలు దాటినాయన్నాడు. ఆ తర్వాత మందను తుంగభద్ర కాలువ పక్కకు మేపుకు తోలుకుపోయినాడు. నెల తిరక్కముందే నీలినాలుక రోగం తగిలి తొంభైకి పైన అక్కడే పోయినాయి. అది దోమకాటుతో వచ్చే రోగమప్పా అని డాక్టరు ఎంత చెప్పినా ఆయన మనసు ఒప్పలేదు. తన నాలుకే గొర్రెలను తినిందని నమ్మినాడు. సిగ్గు సగం, భయం సగం, ఊరికి తిరిగొచ్చి ఆ సంగతి కడుపులోనే దాచుకున్నాడు.

ఏమాటకామాటే చెప్పుకోవాలి, రైతును మాత్రం మోసం చేయలేదు. ఉన్న మందతో రెండు రాత్రుల్లో చేను నిండదు కాబట్టి మూడో రాత్రి కూడా అక్కడే ఆపేవాడు. మబ్బు పట్టింది రేపు పోతాననో, ఒక గొర్రె కుంటుతాండాదనో ఏదో ఒక సాకు చెప్పేవాడు. గింజలు మాత్రం రెండు రాత్రులకే తీసుకునేవాడు.

ఇట్లుండగా మొన్న మాఘంలో శివజ్యోతి అనే పిల్ల ట్యాబు పట్టుకుని ఊళ్లోకి దిగింది. వేంపల్లె పిల్ల, వ్యవసాయం చదివి కర్నూలులో ఒక సంస్థకు పనిచేస్తోంది. ఏ ఊరి సేద్యం వల్ల గాలి ఎంత వేడెక్కుతోందో అంచనా కట్టడం ఆమె పని. ఎన్ని మూటల యూరియా, ఎన్ని మూటల డీఏపీ, ట్రాక్టరుకు ఎంత డీజిలు, ఎన్నిసార్లు మందు కొట్టినారు, ఎన్ని పశువులు, అవి చేన్లో ఎన్ని రాత్రులు నిలిచినాయి అని ఓపిగ్గా ఇల్లిల్లూ తిరిగి అడిగింది. యూరియాలో ఉండే నత్రజనిలో నూటికి ఒక పాలు నైట్రస్ ఆక్సైడుగా మారి గాలిలో కలిసినా చాలు, అది బొగ్గుపులుసు గాలి కంటే రెండొందల డెబ్బై రెట్లు వేడి పుట్టిస్తుందని చెప్పింది. గొర్రె తేన్చినా అంతో ఇంతో వేడేనని చెబితే అరుగు మీదోళ్లు విరగబడి నవ్వినారు. మండలంలో తక్కువ అంచనా వచ్చిన ఊరికి మూడేండ్ల పాటు మట్టి పరీక్షలు, విత్తనాలు, కొర్రలాడించే మిషను ఇస్తామన్నాక ఆ నవ్వు ఆగింది.

లెక్క తేలింది. మండలం మొత్తానికి ఆ ఊరిదే ఎక్కువ. ఎందుకయ్యా అంటే, గొర్రెలు నాలుగు వేల ఆరు వందలంట.

రంగస్వామి రైతు సంఘానికి పెద్ద. చెడ్డోడు కాదు గానీ మిషను మీద ఆశ పడినాడు. ఈ ఏడు ఎవరూ చేన్లో మంద ఆపించొద్దు, గొర్రెలు ఊరు దాటితే అంచనా దానంతటదే దిగుతుంది, కావాలంటే ఒక మూట యూరియా ఎక్కువ వేసుకుందామని సంఘంలో తేల్చేసినాడు. విన్నారా, గాలి వేడి తగ్గించడానికి యూరియా పెంచుతారంట! ఎద్దు ఈనిందంటే దూడను గాటికి కట్టెయ్యమన్నట్టు, ఒక్కడూ ఎదురడగలేదు.

ఈ మాట రామేశ్వరమ్మ మోసుకొచ్చి మొగుడి చెవిన వేసింది. ఈరన్నకు ముద్ద దిగలేదు. నలభై ఏండ్లుగా ఈ ఊరి చేన్లకు బలం పోసిన మంద, ఉన్నట్టుండి ఊరికి బరువైపోయింది. ఏడాది గింజలు పోతాయన్న దిగులు కంటే ఆ మాటే ఎక్కువ కోసింది.

మర్నాడు నేరుగా పంచాయతీ ఆఫీసుకు పోయి శివజ్యోతి ఎదురుగా నిలబడినాడు.

"నాలుగు వేల ఆర్నూరు గొర్లు యాడుండాయి పాపా? నాకూ చూపియ్యి, మేపుకొస్తా."

ఆ పిల్ల నొచ్చుకోకుండా కూర్చోబెట్టి పేర్లు చదివింది. రంగస్వామి, రెండు వందల పది. కేశవులు, నూట తొంభై. సోమన్న, రెండు వందలు. ధనుంజయ, రెండు వందల ఇరవై. ఐదో పేరు దగ్గర ఈరన్న చెయ్యెత్తి ఆపినాడు. వీళ్లెవరికీ ఒక్క గొర్రె కూడా లేదని, అవన్నీ వాళ్ల చేన్లలో పడుకున్న తన మందేనని చెప్పినాడు. ఇరవైముగ్గురు రైతులు, ఒకే మంద. ఎన్ని గొర్రెలో ఈయన ఎవరికీ చెప్పలేదు గనక ఎవరికి తోచింది వాళ్లు రాయించినారు. తీరా ఈరన్న పేరు తీసి చూస్తే ఎదురుగా సున్నా ఉంది. ఉండాయిలే కొన్ని అంటే ట్యాబు తీసుకోలేదని, మళ్లీ అడుగుదామని వదిలేసి ఆమె మరిచిపోయింది.

శివజ్యోతి వాళ్లింట్లో చీనీకాయల తోటకు ఎరువు ట్రాక్టర్లలో తోలించుకుంటారు, ఒకే మంద ఇన్ని చేన్లు తిరుగుతుందని ఆమెకు తట్టలేదు. తప్పు తనదేనని ఒప్పుకుంది. పెంటికల నుంచి కూడా కొంత వేడిగాలి వస్తుంది గానీ, మంద వల్ల మిగిలిన యూరియా ముందు అది శానా తక్కువంది. అయితే ఇరవైమూడు లెక్కలూ కొట్టేయాలంటే ఒక నిజమైన లెక్క కావాలి, అదీ తను కళ్లారా చూసి రాయాలి. లేకుంటే ఊరోళ్లకు నచ్చలేదని చెరిపేసినట్టు ఉంటుంది, పైవాళ్లు ఊరుకోరు.

ఈరన్న మింగలేక కక్కలేక ఇంటికొచ్చినాడు. చెప్పకపోతే మంద ఊరు దాటాలి. చెబితే ఉన్నవి కూడా పోతాయేమోనని భయం, పైగా సగం మందతో ఇన్నాళ్లూ తిరిగినాడని నలుగురికీ తెలుస్తుంది, ఆ తర్వాత ఎవడు పిలుస్తాడు? రామేశ్వరమ్మ కొంచెంసేపు చూసి మెల్లగా అనింది.

"ఎన్ని మిగిలినాయో నాకూ తెల్సు. నీళ్ల తొట్టి కాడ దినామూ నేనూ ఎంచుకుంటాండా. నేనెంచితే యాడ తరిగినాయి చెప్పు?"

కడకు ఈరన్న, పొద్దున్నే ఆ పాపను రమ్మని చెప్పమన్నాడు.

తెల్లారేసరికి శివజ్యోతి ఒక్కతే కాదు, రంగస్వామీ ఇంకో నలుగురు రైతులూ రొప్పం దగ్గరికి వచ్చినారు. ఈరన్న కంప కొంచెం జరిపి దారి ఇచ్చినాడు. గొర్రెలు ఊరికే నడిచి వస్తాయా, ఒకదాని మీదొకటి దూకుతూ వస్తాయి. ఆ పిల్లకు మొదటిసారి నూట తొమ్మిది వచ్చింది. మళ్లీ లోపలికి తోలి వదిలితే నూట ఇరవైనాలుగు వచ్చింది. ఏదీ రెండొందల దగ్గరికి రాకపోయేసరికి తనే తప్పు ఎంచుతున్నాననుకుని కంగారు పడింది.

రంగస్వామికి కూడా అట్లనే అనిపించింది. ఈరన్నది రెండొందల మందని ఊరందరికీ తెలుసు, రెండొందలని రాసేసుకో పోమ్మా అన్నాడు. ఆమె ఈరన్న వైపు చూసింది. ఊ అంటే సరిపోయేది. ఇరవైమూడు లెక్కలు పోయి ఒకటి మిగిలేది, పేరూ నిలిచేది.

ఈరన్న ఊ అనలేదు. గొర్రెలన్నిటినీ మూడోసారి లోపలికి తోలినాడు. కంప పక్కన నిలబడి, గొర్రె గొర్రెకూ వీపు మీద చెయ్యి వేస్తూ, బతుకులో మొదటిసారి గొంతెత్తి, ఒకటికి బదులు లాభమని మొదలుపెట్టి ఎంచినాడు. "లాభం. రెండు. మూడు." నూటపద్దెనిమిది దగ్గర రొప్పం ఖాళీ అయింది.

ఈరన్న తల ఎత్తలేకపోయినాడు.

"నూటపద్దెనిమిదితో రెండు రాత్రుల్లో మా చేను ఎట్ల నిండె, ఈరన్నా?" అని అడిగినాడు రంగస్వామి.

"నిండదప్పా. అందుకే మూడోది కూడా ఆపినా."

రంగస్వామి ఆ మూడో రాత్రికి విన్న మబ్బు సాకూ, కుంటు గొర్రె సాకూ గుర్తు చేసుకున్నాడు. తర్వాత ఉగాది మర్నాడు మొదట తన చేన్లోనే దిగమని ఈరన్నకు చెప్పి, శివజ్యోతి వైపు తిరిగినాడు.

"మా పేరు తియ్యమ్మా. మంద రెండు రాత్రులు నిలిచిందని రాయించింటి. అది తప్పు. కొట్టేసి మూడు అని రాయి."

ఆమె దిద్దింది. వెనక నిలబడిన నలుగురూ ఒకరి తర్వాత ఒకరు ముందుకొచ్చి, మాదీ మూడే అని రాయించుకున్నారు.