ముసుగమ్మ వేయని ముసుగు

ఆఫీసులో అందరూ ఆమెని ముసుగమ్మ అనేవారు. చాటుగా కాదు, మొహం మీదే.

ఆ పేరు ఆమె చేసే పని నుంచి వచ్చింది. జనం పెట్టే ఏ వీడియో మీదైనా మొదటిసారి ఎవరైనా ఫిర్యాదు చేస్తే, దాన్ని ఆపి, మూడో అంతస్తులోని ఆ పొడవాటి గదికి పంపుతారు. అక్కడ నలభై మంది వరసగా కూర్చుని, చూసి, రెండు మీటల్లో ఒకటి నొక్కాలి. 'ముసుగు' నొక్కితే వీడియో మీద బూడిదరంగు తెర పడి, 'మనసును కలచివేసే దృశ్యాలున్నాయి, చూస్తారా?' అని అడుగుతుంది. 'అక్కర్లేదు' నొక్కితే ఉన్నదున్నట్టు జనంలోకి పోతుంది. ఒక్కోదానికి ఎనిమిది క్షణాలు.

ముసుగమ్మ చదువు పదో తరగతితో ఆగిపోయింది. నోట్లో నాలుక లేని పిల్ల. నాన్న పెద్ద పెద్ద మేడలకు తాడు మీద వేలాడుతూ రంగులేసేవాడు. ఉద్యోగం వచ్చిన రోజున, "మన ఇంట్లో కుర్చీలో కూర్చుని పని చేసే మొదటి మనిషివి నువ్వేనే తల్లీ" అని మురిసిపోయాడు.

కానీ ఆమె మనసు మెత్తన. కుక్క బండి కింద పడినా, పసివాడు గుక్కపట్టి ఏడ్చినా ముసుగు వేసేసేది. అనవసరంగా ముసుగులేసినవాళ్ళ పట్టిక ప్రతి సోమవారం గోడకెక్కుతుంది. రెండు వారాలు వరసగా ఆమె పేరే పైన ఉంది. మూడోసారీ ఉంటే ఇంటికే.

ఓ రోజు టీ దగ్గర సూపర్‌వైజరు అందుకున్నాడు. "ముసుగు వేస్తే సగం మంది చూడకుండా పోతారమ్మా. వాళ్ళే పోతే ఇక మనమెందుకు?"

"అదేం లేదు సార్," అంది పక్క సీటు కళ్ళజోడు అక్క. "మూత పెట్టిన గిన్నెలోకే అందరూ తొంగి చూసేది. వేసినా ఒకటే, మానినా ఒకటే."

"నువ్వేమంటావ్ ముసుగమ్మా?"

ఆమె కప్పులోకి చూస్తూ, "చూడకూడనివాళ్ళు ఒక్కరైనా ఉంటారు కదా సార్. వాళ్ళ కోసం..." అంది.

"ఆ ఒక్కరూ నీకేమైనా చుట్టమా?"

అందరూ పగలబడి నవ్వారు.

ఆ సాయంత్రం కళ్ళజోడు అక్కకి జాలేసింది. "పిచ్చిమొద్దూ! అలా కళ్ళు విప్పుకుని చూస్తే ఆర్నెల్లలో పిచ్చెక్కుతుంది. మేమంతా ఎలా నెట్టుకొస్తున్నామనుకున్నావ్? సౌండు కట్టేయ్. బొమ్మని అగ్గిపెట్టెంత చేసుకో. రంగు తీసేసి నలుపూ తెలుపూ పెట్టుకో. ఇక నెత్తురు నెత్తురులా ఉండదు."

నిజంగానే లేదు. ముసుగమ్మకి అన్నం సయించింది. నిద్ర పట్టింది. చెయ్యి కూడా దారికొచ్చి, 'అక్కర్లేదు' మీదికే పోసాగింది.

గురువారం మధ్యాహ్నం ఒక వీడియో వచ్చింది. అగ్గిపెట్టెంత మేడ మీంచి చీమంత మనిషి జారాడు. వెంట బకెట్టు కూడా పడింది. నేల మీద నల్లటి మరక పాకింది. నెత్తురు కనిపిస్తే ముసుగు, కనిపించకపోతే లేదు, అదీ రూలు. బకెట్టు పక్కనే ఉంది కాబట్టి రంగే అనుకుంది. వేలు ఒక్క క్షణం గాల్లో ఆగింది. గోడ మీది కాగితం గుర్తొచ్చింది.

'అక్కర్లేదు' నొక్కింది.

పనిలోకి వెళ్ళేముందు ఫోన్లు బీరువాలో పెట్టి తాళం వేస్తారు. సాయంత్రం తీసి చూసుకుంటే పదిహేడు పిలుపులు.

ఆసుపత్రి వరండాలో అమ్మ బల్ల మీద కూర్చుని ఉంది. కళ్ళలో చుక్క నీరు లేదు. నాన్నని అప్పటికే లోపలి గదిలోకి, చల్లటి గదిలోకి మార్చేశారు.

"మీ పిన్ని పంపిందే," అంది అమ్మ. "ఎవరో పాపం చూడక్కా, అంటూ. దానికీ తెలీదు. ముందు నాకు నవ్వొచ్చిందే. బకెట్టుతో సహా దబ్బున పడ్డాడెవడో అనుకున్నా. ఆ తర్వాత చొక్కాకి మోచేతి దగ్గర అతుకు కనపడింది. మొన్న నేనేసిన అతుకే."

ముసుగమ్మ అమ్మ పక్కన కూర్చుంది.

"ఇలాంటివాటికి మీ ఆఫీసులో తెర వేస్తారంటివి కదే. దీనికెవరూ వెయ్యలేదేం?"

నోట్లో నాలుక లేకపోవడం అంటే ఏమిటో ఆమెకి ఆ రోజు తెలిసింది.

సోమవారం ఆఫీసుకి వెళ్ళింది. నాన్న పోయాడని తప్ప ఎలా పోయాడో తెలియని కళ్ళజోడు అక్క ఆమె చెయ్యి పట్టుకుని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. గోడ మీది కొత్త పట్టికలో ముసుగమ్మ పేరు లేదు.

నేరుగా సూపర్‌వైజరు దగ్గరికి పోయి, నాన్న వీడియో మీద ముసుగు వేయమని అడిగింది. వీడియో ఇంకా తిరుగుతూనే ఉంది. కింద జనం పెట్టిన నవ్వుమొహాలు వరసకట్టాయి.

అతను కంప్యూటర్లో వెతికి చూసి, గొంతు తగ్గించాడు. "తేల్చేసినదాన్ని మనంతట మనం మార్చకూడదమ్మా. చూసినవాళ్ళెవరైనా మళ్ళీ ఫిర్యాదు చేస్తే కొత్తగా వస్తుంది. అయినా... వద్దన్నది నువ్వేగా?"

ఫిర్యాదు మీట వీడియో పూర్తయ్యాకే కనిపిస్తుంది. ఆమె ఫోను తీసుకుని మెట్ల మీద కూర్చుంది. ఈసారి సౌండు ఉంది. బొమ్మ ఫోనంతా ఉంది. "తాడు! ఒరే, తాడు!" అని నాన్న అరిచాడు. బకెట్టులోంచి ఒలికింది పసుపు రంగు. దాని కిందనుంచి పాకింది పసుపు కాదు. చివరిదాకా చూసి, ఫిర్యాదు నొక్కి, ఫోను బీరువాలో పెట్టి, తన సీట్లో కూర్చుంది.

టీ వేళకి బతిమాలి బీరువా తాళం తీయించి ఫోను చూస్తే జవాబు వచ్చి ఉంది. 'పరిశీలించాం. ముసుగు అక్కర్లేదు.'

కళ్ళజోడు అక్క టీ ఊదుకుంటోంది.

"అక్కా, ఇందాక... మేడ మీంచి మనిషి పడ్డది ఎవరికి వచ్చింది?"

"బకెట్టుతో పడ్డాడు, అదేనా? నాకే వచ్చింది," అంది అక్క. "ఏముందే అందులో? రంగు ఒలికింది, అంతేగా."