కత్తెరమ్మ బి.ఏ.

బజారంతా ఆమెను కత్తెరమ్మ అనే పిలిచేది. బస్టాండు వెనక సందులో, కాళ్ళు చాపుకోను చోటులేని గదిలో స్కూలు యూనిఫారాలు కుట్టేది. తను మాత్రం ఏడో తరగతిలోనే బడి మానేసింది. బడి పూర్తిచేయనివాళ్ళు కూడా అర్హత పరీక్ష రాసి సార్వత్రిక విశ్వవిద్యాలయంలో చేరవచ్చని, కొలతలివ్వడానికి వచ్చిన ఒక టీచరమ్మ చెప్పింది. ఆ వారమే కత్తెరమ్మ ఫీజు కట్టేసింది. అప్పటికి ఆమెకు యాభై దగ్గరపడుతున్నాయి.

ఈ సంగతి విని, భర్త అన్నగారు ఇంటికొచ్చి అందరి ముందూ పకపకా నవ్వాడు.

"కళ్ళజోడు లేందే సూదిలో దారం ఎక్కించలేవు, నీకిప్పుడు డిగ్రీ ఏంటమ్మా?"

"చదివేటప్పుడూ పెట్టుకుంటాలెండి, బావగారూ."

భర్త నవ్వాపుకోలేక వంటింట్లోకి జారుకున్నాడు.

అర్హత పరీక్ష నెగ్గి, ఆర్థికశాస్త్రం తీసుకుంది. కాలర్లు కుడుతూ ఫోన్లో పాఠాలు వినేది. మోతలో వినపడకపోతే మిషను ఆపేదిగానీ పాఠం ఆపేది కాదు. చివరి ఏడాది గణాంకశాస్త్రం దగ్గర బండి దిగబడింది. తప్పింది. మళ్ళీ రాసింది, మళ్ళీ తప్పింది.

బావగారు పరామర్శకొచ్చినట్టు వచ్చాడు. "ఇంక చాల్లేమ్మా, పరువు పోతోంది."

"తప్పింది నేనైతే పరువు మీదెలా పోయిందండీ?"

ఇచ్చిన టీ ముట్టకుండానే ఆయన లేచాడు.

స్టడీ సెంటర్లో గుమాస్తా మంచివాడే. "ఆ పేపరు మార్చుకోవచ్చండీ. తేలికది తీసుకుంటే బయటపడిపోతారు," అన్నాడు.

"బయటపడ్డానికి రాలేదు బాబూ. నాకు అర్థం కాకుండా అదెక్కడికి పోతుందో చూస్తా."

అన్నదిగానీ, ఒక మధ్యాహ్నం షట్టరు సగం దించి వెక్కివెక్కి ఏడ్చింది. ముఖం కడుక్కుని, వదిలేసిన లెక్క దగ్గరే మళ్ళీ కూర్చుంది. ఆదివారం క్లాసుల్లో కుర్రకారు మధ్య ముందు బెంచీలో కూర్చుని, అడిగిందే అడిగి లెక్చరర్ని విసిగించింది. ఆయన విసుక్కున్నా కదల్లేదు.

మూడోసారి అత్తెసరు మార్కులతో పాసయింది.

"ఏదో అంచు మీద గట్టెక్కావు," అన్నాడు బావగారు.

"అంచైనా గట్టేగా!"

కొట్టు బోర్డు మీద బి.ఏ. అని రాయమంటే పెయింటరు బ్రష్షు ఆపాడు. "కుట్టుపనికి బి.ఏ. ఎందుకమ్మా?"

"కుట్టుపనికి కాదు, నాకు. పక్కన ఎం.ఏ.కి కూడా చోటొదులు."

రేకు చాలదన్నాడు. ఇంకో రేకు తెప్పించింది.