దీవిలో మా ఆయన మధ్యాహ్నాలు

మా ఆయనకు చిలకలూరిపేటలో పురుగుమందుల కొట్టు ఉంది. నిరుడు అమ్మకాలు బాగున్నాయని కంపెనీవాళ్లు కొందరు డీలర్లను భార్యలతో సహా ఆఫ్రికా పంపించారు. మూడు రోజులు సఫారీ, ఆ తర్వాత నాలుగు రోజులు జాంజిబార్ దీవిలో విశ్రాంతి. ఊరికే ఎవరూ ఇంత దూరం తిప్పరు, దీని వెనక ఏదో ఉంటుందని బయల్దేరేదాకా నేను అంటూనే ఉన్నాను. సఫారీలో జీపు పక్కనే పడుకున్న సింహాలు మా వంక కన్నెత్తి కూడా చూడకపోతే, వాటికి మత్తుమందు ఇచ్చి ఉంటారన్నాను. అందరూ నవ్వారు. మా ఆయన మాత్రం నవ్వలేదు, ఏదో ఆలోచనలో ఉన్నారు.

దీవిలో దిగిన మొదటి రోజు భోజనాలయ్యాక నేను కాసేపు పడుకున్నాను. లేచేసరికి ఆయన లేరు. ఫోను మంచం పక్కనే ఉంది. మిరప సీజన్లో స్నానాలగదిలోకి కూడా ఫోను తీసుకెళ్లే మనిషి ఆయన. గంట తర్వాత తడితలతో వచ్చారు.

"ఎక్కడికెళ్లారండీ?"

"ఊరికే అలా నడిచొచ్చా."

"తల తడిసిందేం?"

"ఎండగా ఉంటే కుళాయి కింద పెట్టాలే."

రెండో రోజూ అంతే. చెవి వెనక ఇసుక. చొక్కా వాసన చూశాను, తాగిన వాసన లేదు. మిగతా డీలర్లతో పేకాటకు కూర్చున్నారేమోనని, సాయంత్రం ఒంగోలు డీలరు భార్యను అడిగాను.

"మీ ఆయన మావాళ్లతో కలవట్లేదండీ. పిలిచినా రాలేదంట. మీరిద్దరే ఎక్కడికో వెళ్తున్నారనుకున్నాం," అందావిడ.

ఆ రాత్రి అన్నం సయించలేదు. ముప్ఫై ఏళ్ల కాపురంలో ఆయన మీద నాకు అలాంటి అనుమానం ఎప్పుడూ రాలేదు. అది ఆయన మంచితనం వల్ల కాదు, తీరిక లేకపోవడం వల్ల అనిపించింది. కొట్టు, ఇల్లు, రైతుల చేలు తప్ప ఇంకెక్కడికీ వెళ్లని మనిషికి ఇప్పుడు తీరిక దొరికింది మరి.

మూడో రోజు కళ్లు మూసుకుని పడుకున్నాను. ఆయన నా మొహం మీదికి వంగి చూసి, చప్పుడు కాకుండా తలుపు వేసి వెళ్లారు. రెండు నిమిషాలాగి వెనకే వెళ్లాను. హోటల్ వెనక కొబ్బరిచెట్లు దాటాక, అలలు లేని చోట నడుముల్లోతు నీళ్లలో ఆయన కనిపించారు. పక్కన ఒక ఆడమనిషి. ముప్ఫై ఏళ్లుంటాయేమో. తలకు గుడ్డ కట్టుకుని, ఒళ్లంతా కప్పే బట్టల్లో ఉంది. ఆమె రెండు చేతులూ ఆయన వీపు కింద ఉన్నాయి.

గబగబా నీళ్ల వైపు నడిచాను. అప్పుడామె చేతులు తీసేసింది. ఆయన మునిగి, నీళ్లు మింగి, దగ్గుతూ లేచారు. ఆమె ఏదో చెప్పింది. ఆయన తలూపి, కళ్లు గట్టిగా మూసుకుని మళ్లీ వెల్లకిలా పడుకున్నారు. ఆమె ఈత నేర్పే మనిషని అప్పటికి అర్థమైంది.

ఒడ్డుకు వస్తూ ఆయన నన్ను చూసి ఆగిపోయారు.

"ఈ వయసులో ఈతేంటండీ? అదీ నాకు చెప్పకుండా?"

ఆయన ఇసుకలో కూర్చున్నారు. "తమ్ముడు కాలవలో పడ్డప్పుడు నేను గట్టు మీదే ఉన్నానే," అన్నారు.

సాగర్ కాలవలో పడి మా మరిది చనిపోయాడని పెళ్లినాటికే నాకు తెలుసు. అప్పుడు ఈయన పొలంలో ఉన్నారనీ, కబురు విని పరిగెత్తారనీ మా అత్తగారు చెప్పేది.

"అమ్మకి అలాగే చెప్పాను. వాడు రెండుసార్లు పైకి తేలాడు. నాకు ఈత రాదు, దూకలేదు. అమ్మ పోయేదాకా ఎవరికీ చెప్పలేకపోయా. ఆ తర్వాత నీకెలా చెప్పాలో తెలీలేదు. మనూళ్లో నేర్చుకుంటే ఎందుకని అడుగుతారు. ఇక్కడ నన్నెవరడుగుతారు?"

పిల్లలు చిన్నప్పుడు కాలవ వైపు వెళ్తే ఆయన ఎందుకలా కొట్టేవారో అప్పుడు తెలిసింది. జాలేసింది. కానీ ఇన్నేళ్లు నా పక్కనే ఉండి ఇది దాచిన మనిషి ఇంకేం దాచారోనని కూడా అనిపించింది. మనసులో పెట్టుకోలేక అడిగేశాను.

"ఇంకేమన్నా ఉన్నాయా, చెప్పనివి?"

"ఉన్నాయేమో. అన్నీ ఒక్కసారే అడక్కు," అన్నారు.

ఆఖరి రోజు ఇద్దరం కలిసే వెళ్లాం. ఆమె చేతులు తీసేశాక ఆయన మునగలేదు. నేను మోకాళ్ల లోతులో నిలబడి మనసులో అంకెలు లెక్కపెట్టుకున్నాను. ఇరవై దాటాక ఆయన కళ్లు తెరిచారు. కంటి చివర్ల నుంచి నీళ్లు కారాయి. సముద్రం నీళ్లే కావచ్చు, కచ్చితంగా చెప్పలేను.