రేకుడబ్బా

కయాక్ పడవల జట్లకు నాయకులను తయారుచేసే టీచరమ్మ, ప్రతి బ్యాచ్‌నీ సముద్రంలో ఒకసారి కావాలనే తప్పుదారి పట్టిస్తుంది. నోరు తెరిచి కాదన్నవాళ్లే ఆవిడ దగ్గర పాసు. ఆ ఉదయం పొగమంచులో ఒడ్డు కనబడక, పడవ మీది దిక్సూచి చూస్తూ అందరినీ వెనక్కి తీసుకొస్తోంది. పక్క పడవలోంచి, ఆ బ్యాచ్‌లో నోట్లో నాలుక లేని దర్జీ ఒకడు గొంతు సవరించుకున్నాడు.

"మేడమ్, తిరిగొచ్చేటప్పుడు గాలి ఎడమ చెంపకి తగలాలన్నారు. కుడి చెంప చల్లబడుతోందండీ!"

టీచరమ్మ ఉలిక్కిపడింది. ఈసారి పరీక్ష ఇంకా మొదలుపెట్టనేలేదు! తీరా చూస్తే, దిక్సూచి పక్కనే తన బిస్కెట్ల రేకుడబ్బా దర్జాగా కూర్చుని ముల్లును తనవైపు లాగేస్తోంది. దిక్సూచి దగ్గర ఇనుము పెట్టొద్దని పొద్దున్నే అరగంట పాఠం చెప్పిందీ ఆవిడే.

"శభాష్, నువ్వు పాసు!" అంటూ డబ్బా అతని ఒళ్లోకి విసిరింది. "బహుమతి. దాని మూతా, నీ నోరూ తెరవకుండా ఇంటికి పట్టుకుపో!"