వెనక్కి పిలవని పిల్ల

నాందేడ్ బజారులో మాది బట్టల దుకాణం. మా వీధిలో కొనేవాడు అలిగినట్టు లేచి వెళ్తే, అమ్మేవాడు వెనక్కి పిలవడం ఆనవాయితీ. నేను ప్రేమించిన రైల్వే గార్డు కూతురికి బేరమంటేనే తెలియదు.

స్టేషన్ బయట బెంచీ మీద అడిగింది: "నన్ను చూసెతందుకు నిజామాబాదోళ్లు వస్తున్నరు. ఈ ఐతారం మా బాపుతోటి మాట్లాడుతవా?"

బెట్టు చేస్తే బతిమాలుతుందనుకుని, "చూద్దాం తియ్" అంటూ లేచి మెల్లగా నడిచాను. పిలుపు రాలేదు. తిరిగి చూస్తే ఆమె ఇంటిదారి పట్టింది. పరుగెత్తాను.

"పోతుంటే పిలవవా?"

"పోయెటోన్ని ఎందుకు పిలుస్త? ఐతారం వస్తవా, రావా?"

"వస్త."

"మీ అమ్మను గూడ తోల్కరా."

దానికీ తలూపాను. మా నాన్న చూసి ఉంటే ఆ రోజే నన్ను గల్లాపెట్టె ముందు నుంచి లేపేసేవాడు.