లిడియా దవడలోని ఇనుపముక్క

మా చెల్లెలు లిడియా వట్లూరు హైస్కూల్లో లెక్కల టీచరు. యాభై రెండేళ్ళ వయసులో కారు నేర్చుకుంది. మా వీధిలో స్టీరింగు పట్టిన మొదటి ఆడమనిషి ఆమే. ఆమె బండి వెనక్కి తీస్తుంటే కోళ్ళు మోకరించి ప్రార్థన చేస్తాయని ఊరంతా చెప్పాను. అది నా కల్పన. నిజానికి కొల్లేట్లో పడవైనా ఆమెకంటే జోరుగా పోతుంది.

మూడేళ్ళ కిందట కైకలూరు రోడ్డులో గేదె అడ్డం వచ్చింది. లిడియా పక్కకు తిప్పింది. కారు చేపల చెరువు గట్టుకు మెల్లగా తగిలి బంపరు నొక్కుకుంది, అంతే. కానీ స్టీరింగులోని ఎయిర్‌బ్యాగు బాంబులా పేలింది. డాక్టరు ఆమె దవడలోంచి చింతగింజంత ఇనుపముక్క తీసి పదకొండు కుట్లు వేశాడు.

చూడవచ్చిన వాళ్ళందరివీ రెండే మాటలు. "బ్యాగు ఉండబట్టి బతికిందండీ." "ఈ వయసులో ఆవిడకి కారెందుకండీ." లిడియా రెండూ నమ్మింది. తాళాలు భర్త యోసేపు చేతిలో పెట్టేసి ఆటోలో బడికి వెళ్ళసాగింది.

యోసేపు భక్తిపరుడు. మెకానిక్ విప్పి ఇచ్చిన బ్యాగును, దాని వెనకుండే ఇనుపడబ్బాతో సహా, కోత పండుగనాడు కృతజ్ఞత కానుకగా గుడికి తెచ్చాడు. ఆరోజు మా చర్చిలో అందరూ గుమ్మడికాయలు, కోళ్ళు, అరటిగెలలు తెస్తారు. ఆరాధన అయ్యాక వాటిని వేలం వేస్తారు. వేలం వేసేది నేనే.

"మరణదూత ఊపిరి ఈ సంచిలో బంధించి ఉందండీ. చెరువు గట్టున కడితే ఏడాదిపాటు కొంగ వాలదు" అన్నాను. కొంగలతో విసిగిపోయిన చేపల రైతు తాతారావు పోటీపడి పాడుకున్నాడు.

ఆరునెలల తర్వాత, లిడియా దగ్గర చదువుకున్న సంహిత ఆమెను చూడవచ్చింది. ఇప్పుడు ఏలూరులో లాయరు. బల్లమీదున్న ఆసుపత్రి కాగితాలు తిరగేసింది.

"టీచరుగారూ, ఆసుపత్రి కాగితంలో లోహపు ముక్క తీశామని ఉందండి. అది ఎక్కడిదండి?"

"ఏమోనమ్మా. తప్పు నాదే కదా."

"బ్యాగు గాలితో నిండాలి గాని ఇనుము విసరకూడదండి. గాలి పుట్టించే డబ్బా పగిలి ఉంటుంది. తయారీలో లోపమని తేలితే బాధ్యత తయారుచేసినవాళ్ళదే. ఇక్కడే, జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు చేయొచ్చు. రెండేళ్ళ లోపల వేయాలి. ఆ డబ్బా ఉంటే చాలా బలం. ఎక్కడుందండి?"

యోసేపు నావైపు చూశాడు. నేను గోడమీది క్యాలెండరు చూశాను.

మర్నాడే యోసేపూ నేనూ కొల్లేటికి వెళ్ళాం. గట్టుమీద వెదురుగడకు మా బ్యాగు వేలాడుతోంది. గడ కొసన కొంగ కూర్చుని ఉంది.

"మీ మరణదూతకీ దానికీ మంచి స్నేహమండీ" అన్నాడు తాతారావు. సంగతి విన్నాక నవ్వడం మానేశాడు. బ్యాగు విప్పి, మోటారు షెడ్డు మూల నుంచి డబ్బా వెతికి తెచ్చాడు. అది ఒకవైపు చీలి, పెదవి తెగినట్టుంది.

సంహిత కమిషన్‌లో ఫిర్యాదు వేసింది. డబ్బాను పరీక్షిస్తాం, ఇవ్వండని కారు కంపెనీ ఉత్తరం రాసింది. సంహిత ఇవ్వనీయలేదు. కమిషన్ ద్వారానే ల్యాబుకు పంపించింది. తర్వాత నావైపు తిరిగింది.

"తాతగారూ, ఇది ఎవరి చేతిలోంచి ఎవరి చేతికి వెళ్ళిందో మీరు ప్రమాణపత్రం ఇవ్వాలండి. ఉన్నదున్నట్టు."

"అన్నయ్యా, దేవదూతలు వద్దు" అంది లిడియా. దెబ్బ తగిలాక ఆమె నవ్వడం అదే మొదటిసారి.

కాన్వెంటులో సిస్టర్లు బెత్తంతో నేర్పలేని విద్య ఆ రాత నాకు నేర్పింది. నాలుగు కాగితాలు చింపాను. అయిదోదాంట్లో తొమ్మిది వాక్యాలే మిగిలాయి. అన్నీ నిజాలే.

తీర్పు ఈ ఏడు వచ్చింది. డబ్బా తయారీలోనే లోపం, ప్రమాదపు తీరుకూ ఆ గాయానికీ సంబంధం లేదు, నష్టపరిహారం ఇవ్వాలి. పరిహారం ఎంతో ఉన్న పేజీని లిడియా తిప్పేసింది. గాయం తను నడపడంవల్ల కాలేదన్న వాక్యం దగ్గర ఆగి, లెక్క సరిచూసినట్టు పెన్సిలు ఆనించి రెండుసార్లు చదివింది.

యోసేపు లోపలికి వెళ్ళి తాళాలు తెచ్చాడు. "నేనూ నీదే తప్పనుకున్నాను లిడియా."

"నేనూ అనుకున్నానండీ" అని ఆమె తాళాలు అందుకుంది. "రండి, ముందు సీట్లో కూర్చోండి."